ఒక పక్కే వెలిగే వలయం

సదస్సులో ప్రొఫెసర్ చదివిన పత్రంలో ఆయన శిష్యుడి పేరు లేదు. పేలిపోయిన నక్షత్రం చుట్టూ మిగిలిన వాయువలయం ఒక పక్కే ఎందుకు ఎక్కువ వెలుగుతుందో, రేడియో టెలిస్కోపు పటాలు ముందేసుకుని ఏళ్ల తరబడి లెక్కకట్టింది ఆ శిష్యుడే. విలేకరిగా వెళ్లిన నాకు ఆ సంగతి ముందే తెలుసు.

ఐరాల నుంచి తిరుపతికి వచ్చిన పరిశోధక విద్యార్థి ఆయన. టీ కొట్టు బల్ల మీద ఒక పక్క దుమ్ము చల్లి, వేలితో నీళ్లు అటు తోసేవారు.

"సూడప్పా, దుమ్ముండే పక్క అంచు దళసరి. పేలిన నచ్చత్రమూ ఇంతే. అడ్డం యాడ ఎక్కువుంటే ఆడ వెలుగు."

"బల్ల తుడిసేది నేనా, నీ నచ్చత్రమా?" అని కొట్టాయన కసిరేవాడు.

సదస్సులో ఎవరో సరిగ్గా వలయం ఒక పక్కే ఎందుకు వెలుగుతుందనే అడిగారు. ప్రొఫెసర్ తడబడి వెనక వరుసకేసి చూశారు. అక్కడ కూర్చున్న శిష్యుడు లేచి, "సార్ చెప్పిందే వివరిస్తాను" అని జవాబంతా చెప్పి కూర్చున్నారు. చప్పట్లు ప్రొఫెసర్‌కు పడ్డాయి.

"ఎందుకప్పా లేచినావు?" అని బయట అడిగాను.

"నేను నోరు మూసుకుంటే లెక్కే తప్పనుకుంటారబ్బా. ఆయన నన్ను ముంచినాడని, దాన్ని నేను ముంచేదా?"

తర్వాత పరిశోధన మానేసి ఆ శిష్యుడు చిత్తూరులో ట్యుటోరియల్ పెట్టుకున్నారు. పేరెందుకు తీసేశారని ప్రొఫెసర్‌ను నేను అడిగాను. జవాబు చెప్పకుండానే ఆయన పదవీ విరమణ చేశారు.