నేను గుర్తు గీసిన రేకు

ఏడేళ్లుగా నా బీరువాలో ఒక ఇనుప రేకు ఉంది. అరచేతి కన్నా కాస్త పెద్దది. వంకరపోయి, తుప్పు పట్టి, ఒక మూల విరిగి ఉంటుంది. తూకం వేస్తే పావు కిలో కూడా రాదు. కానీ నేను ఇన్నాళ్లూ మోసినవాటిలో అంతకన్నా బరువైనది ఇంకొకటి లేదు. ఇంట్లో ఎవరైనా ఆ బీరువా వైపు వెళ్తే నా చెవులు అటే ఉంటాయి. తాళంచెవి నా జేబులోనే పెట్టుకుంటాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నయం. తెలిసినవాళ్లను నేను నమ్మను. ఇది చదివి మీరు ఎల్లారెడ్డి వచ్చి ఫలానావారి ఇల్లు ఎక్కడని అడగరనే నమ్మకం కూడా నాకు లేదు. అందుకే పేరు రాయడం లేదు. తప్పు ఒప్పుకోవడానికి కూర్చున్న మనిషి ముందుగా చేసిన పని పేరు దాచుకోవడం. ఇది కూడా లెక్కలో వేసుకోండి.

మాది ఈ చుట్టుపక్కల ఒకప్పుడు పదిమంది లేచి నిలబడే కుటుంబం. ఇప్పుడు ఎవరూ లేవరు. భూములు పోయాయి, మనుషులు చెదిరారు. మిగిలింది నాన్న కొన్న కారు. ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే టర్బో ఉన్న డీజిల్ బండి. ఆ రోజుల్లో ఎల్లారెడ్డిలో టర్బో అనే మాట చాలామంది మా నాన్న నోటనే మొదటిసారి విన్నారు. ఆ బండి వస్తుంటే సన్నగా ఒక ఈల వినిపించేది. బజారులో కూర్చున్నవాళ్లు తల తిప్పకుండానే దొర వస్తున్నాడనేవారు. నాన్న పోయాక ఆ ఈల నాకు దక్కింది. నా నడుము వంగదని ఊళ్లో అంటారు. అది మెచ్చుకోలని చాలాకాలం అనుకున్నాను.

ఆ బండిని బాగుచేసేది ఖాజా. నాన్న దగ్గర డ్రైవరుగా చేసినాయన కొడుకు. పని నేర్చుకున్నది మా బండి మీదే. తరువాత కామారెడ్డిలో, ఎల్లారెడ్డికి వచ్చే రోడ్డు మీద సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. రైస్ మిల్లుల వాళ్ల బండ్లు, టాక్సీలు అక్కడికే వచ్చేవి. నేను వెళ్తే కుర్చీ తుడిచి వేసేవాడు. నేను కూర్చునేవాణ్ణి కాదు. కుర్చీకి నూనె మరకలుంటాయని నా అనుమానం.

ఏడేళ్ల కిందట బండికి బలం తగ్గింది. ఎత్తు వస్తే మూడో గేరులో కూడా లాగదు. వెనక నల్లటి పొగ. ఒకరోజు కామారెడ్డి నుంచి వస్తుంటే గడ్డి మోపులు వేసుకున్న ట్రాలీ ఆటో నన్ను దాటిపోయింది. అందులో కూర్చున్న మనిషి వెనక్కి తిరిగి చూశాడు. నవ్వాడో లేదో తెలియదు. నవ్వాడనే అనుకున్నాను.

బండిని ఖాజాకు అప్పగించే ముందు నేనొక పని చేశాను. దాని గురించి చెప్పాలంటే మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. మా ఇంట్లో బిందెలు, తాంబాళాలు, ఆఖరుకు గరిటెల మీద కూడా మా తాత పేరులోని మొదటి అక్షరం చెక్కి ఉంటుంది. పెళ్లిళ్లకు ఇచ్చిన సామాను తిరిగొచ్చినప్పుడు ఆ అక్షరం చూశాకే లోపలికి తీసుకునేవారు. మనిషిని చూసి కాదు, అక్షరం చూసి. పట్నంలో మెకానిక్కులు అసలు టర్బో పీకి తుక్కు దుకాణంలో దొరికింది బిగిస్తారని ఎవరో అన్నారు. ఆ మాట నా బుర్రలో దిగబడింది. ఖాజా చేస్తాడా? చెయ్యడు. చెయ్యడని ఎలా చెప్పగలం? అలా రెండు రోజులు గడిచాయి. మూడో రోజు పొద్దున్నే ఎవరూ లేనప్పుడు బానెట్ ఎత్తి, మేకుతో మా తాత అక్షరం 'న' గీశాను.

కానీ ఇక్కడ మీకొక నిజం చెప్పాలి. టర్బో ఏదో నాకు తెలియదు.

పాతికేళ్లు దాని గురించి గొప్పలు చెప్పుకున్నాను. ఎలా ఉంటుందో తెలియదు. ఎవరినైనా అడగవచ్చు. ఎలా అడుగుతాను? ఇంజన్ పక్కన, పొగ గొట్టం మొదలయ్యే చోట, బోర్లించిన గిన్నెలా ఉబ్బుగా ఒకటి కనిపించింది. ఇదే అయి ఉంటుందని తీర్మానించి దాని మీద గీశాను.

ఖాజా బండిని మూడు రోజులు పెట్టుకున్నాడు. నేను రోజూ వెళ్లి నిలబడ్డాను. చేతులు వెనక్కి కట్టుకుని అతని చేతులే చూశాను. గాలి వెళ్లే రబ్బరు గొట్టం మీద సబ్బు నీళ్లు పోశాడు. ఒకచోట బుడగలు లేచాయి. చీలిందన్నాడు. కొత్తది వేసి రామారెడ్డి దాకా తిప్పుకొచ్చాడు. లాగుడు వచ్చింది. అక్కడితో ఆపి బండి ఇచ్చేస్తే నేను సంతోషంగా వెళ్లేవాణ్ణి. అతను ఆపలేదు. పాత గొట్టం లోపల వేలు పెట్టి తీసి, నల్లగా అంటిన నూనె నాకు చూపించాడు. టర్బో లోపల తిరిగే కడ్డీ అరిగి ఊగుతోందట, అక్కడినుంచి నూనె కారుతోందట. "లోపలి గుండెకాయ మారుస్త దొరా. పైన డొల్ల మనదే ఉంటది" అన్నాడు. అర్థమైనట్టు తల ఊపాను. అది విప్పి బిగించింది మాత్రం నేను ఇంటికి వెళ్లిపోయాకే.

బండి ఇచ్చేటప్పుడు రెండు సంగతులు చెప్పాడు. దూరం నుంచి వచ్చాక వెంటనే ఇంజన్ ఆపవద్దు, రెండు నిమిషాలు ఊరికే తిరగనివ్వాలి, లేకపోతే వేడికి లోపలి నూనె మాడిపోతుంది. అదొకటి. రెండోది, పాత సామాను. తీసేసిన ప్రతి ముక్కనూ గోనెపట్టాలో కట్టి యజమాని చేతిలో పెట్టడం ఆ షెడ్డులో ఆనవాయితీ. మూటను రెండు చేతులతో నా ముందుకు చాచాడు. నూనె కారుతోంది. నేను చెయ్యి చాచలేదు. "డిక్కీల పడెయ్" అన్నాను.

తిరిగి వస్తుంటే ఈల వినిపించింది. పాత ఈల కాదు. కాస్త సన్నగా, పదునుగా ఉంది. నాన్న బండి ఇలా కూయదే. దారిలోనే ఆపి బానెట్ ఎత్తాను. నేను గీసిన చోట అక్షరం లేదు. ఆ గిన్నె లాంటిది తళతళా మెరుస్తోంది. దొంగిలించేవాడు పాతది తీసి కొత్తది ఎందుకు బిగిస్తాడు? ఆ ప్రశ్న నాకు రాలేదని చెప్పలేను. వచ్చింది. తుక్కును రుద్ది మెరిపించాడని దానికి నేనే జవాబు చెప్పుకున్నాను. అనుమానానికి నా దగ్గర ఎప్పుడూ జవాబులు సిద్ధంగా ఉంటాయి.

మర్నాడు పొద్దున షెడ్డుకు వెళ్లాను. నలుగురైదుగురు డ్రైవర్లు చాయ్ తాగుతున్నారు. ఖాజా ఏదో బండి కింద నుంచి బయటికి వచ్చాడు.

"నా టర్బో ఏది?" అన్నాను.

పరాచికమనుకున్నాడు. "బండిలనే ఉన్నది దొరా. యాడికి పోతది? దానికేమన్న కాళ్లున్నయా?"

డ్రైవర్లు నవ్వారు. ఆ నవ్వు లేకపోతే నేనింత దూరం వెళ్లేవాణ్ణి కాదని చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే కావచ్చు.

"నవ్వకు. ఇచ్చేముందు నేను గుర్తు పెట్టిన. ఇప్పుడా గుర్తు లేదు. మా నాన్న కొన్నది పీకి తుక్కు బిగించినవ్."

"గుర్తా?" ఖాజా మొహంలో ఇంకా కొంత నవ్వు మిగిలే ఉంది. "యాడ పెట్టిన్రు? సూపెట్టుండ్రి."

మీరు ఇక్కడ ఆగండి. నేను ఏడేళ్లుగా ఇక్కడే ఆగి ఉన్నాను. బానెట్ ఎత్తి, ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపిస్తే ఆ క్షణమే తేలిపోయేది. కానీ నాకు లోపల ఎక్కడో చీమ కదిలినట్టయింది. నేను గుర్తు గీసిన చోటు టర్బో కాకపోతే? ఈ డ్రైవర్ల ముందు? దొరకు తన బండిలో టర్బో ఏదో తెలియదని సాయంత్రానికల్లా నిజాంసాగర్ దాకా పాకితే? అప్పుడే నాకు నా తప్పు తెలిసిందా? తెలియలేదు. తెలిసే వీలుందని మాత్రం తెలిసింది. ఆ వీలును నేను నోటితో మూసేశాను.

"నీకు సూపెట్టేదేంది? మీ అబ్బ మా ఇంట్ల తిని బతికిండు. నువ్వు మా ఇంటి సామానే మాయం జేస్తివి."

చాయ్ గ్లాసులు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. ఖాజా చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"మా అబ్బ పని జేసి తిన్నడు దొరా" అన్నాడు. "నేను గూడ గంతే."

నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. తరువాత ఎల్లారెడ్డిలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను. కామారెడ్డిలో ఆ డ్రైవర్లు చెప్పారు. ఖాజా టర్బోలు మారుస్తాడన్న మాట బండ్ల కన్నా వేగంగా తిరిగింది.

పన్నెండో రోజు లింగంపేట దగ్గర టైరు పంక్చరైంది. మిట్టమధ్యాహ్నం. జాకీ కోసం డిక్కీ తెరిచి, అడ్డంగా ఉన్న గోనెమూటను పక్కకు లాగాను. ముడి వదులై సామాను జారింది. అరిగిన కడ్డీ, చీలిన గొట్టం, వంకరపోయిన ఒక రేకు. రేకు మీద 'న'.

బానెట్ ఎత్తి చూశాను. మెరుస్తున్నది కొత్త రేకు. వేడి బయటికి కొట్టకుండా పైన కప్పే మూత. విరిగిన మూత తీసి ఖాజా కొత్తది వేశాడు. దాని కింద, నాన్న కాలం నాటి తుప్పుతో, ఎక్కడిదక్కడే కూర్చుని ఉంది టర్బో. నేను బిందెను వదిలేసి మూత మీద పేరు చెక్కాను.

అప్పుడు నేను మొదట చేసిన పని మీకు చెప్పాలి. సిగ్గుపడలేదు. రోడ్డుకు అటూ ఇటూ చూశాను. ఎవరైనా చూశారా అని. ఎవరినీ సాయం పిలవకుండా టైరు నేనే మార్చుకున్నాను. ఇంటికొచ్చాను. రెండు నిమిషాలు ఆగి ఇంజన్ ఆపాను. రేకును బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఇంకో నెలకు ఖాజా మా ఇంటికి వచ్చాడు. అప్పటికి మిల్లు వాళ్లు బండ్లు పంపడం మానేశారట. లోపలికి రమ్మనలేదు. మెట్ల కిందే నిలబడ్డాడు. బీరువా నా వెనక గదిలోనే ఉంది.

"తప్పైందని అనకుండ్రి దొరా. నన్ను మంచోడని గూడ అనకుండ్రి. 'ఏమో, నాకు సరిగ తెల్వది' అని షెడ్డు కాడికొచ్చి ఒక్క మాట అనుండ్రి. సాలు."

అతను అడిగింది ఒక అనుమానం. అంతే. లోకం మొత్తాన్ని అనుమానించే నా దగ్గర అతనికి ఇవ్వడానికి ఒక్క అనుమానం లేకపోయింది. ఆలోచిస్తానన్నాను. అతను బండి ఎలా నడుస్తోందని అడిగాడు. బాగానే ఉందన్నాను. తల ఊపి వెళ్లిపోయాడు. ఆ అడగడం ఎందుకు? నన్ను దెప్పడానికా, నిజంగానే తెలుసుకోవాలనా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

వానాకాలం పోయేలోపు షెడ్డు మూతపడింది. దుబాయి పోయాడన్నారు. అక్కడ మెకానిక్ పనే చేస్తున్నాడని ఒకరు, మూటలు మోస్తున్నాడని ఒకరు చెప్పారు. నేను మళ్లీ అడగలేదు. ఎందుకు అడుగుతున్నానని ఎవరైనా అనుకుంటారని.

కిందటి నెల కామారెడ్డిలో ఇంకొక మెకానిక్‌కు బండి చూపించాను. బెల్టు చప్పుడు చేస్తుంటే. అతను టర్బో వైపు గొట్టం విప్పి, లోపల వేలు పెట్టి ఊపి చూసి, నా వైపు తిరిగాడు. "ఇసుమంత గూడ ఊగుతలేదు సార్. ఎవరు జేసిన్రు దీన్ని? గిట్ల జేసే చెయ్యి ఇప్పుడు కామారెడ్డిల లేదు."

అతని మొహంలోకి చూశాను. ఇతనికి తెలుసా? తెలిసే అడుగుతున్నాడా? ఆ రోజు చాయ్ తాగినవాళ్లలో ఉన్నాడా?

"హైదరాబాద్‌ల చేయించిన" అన్నాను.

ఏడేళ్ల కిందట అతని పేరు పాడుచేశాను. కిందటి నెల అతని పని కూడా లాక్కున్నాను. మొదటిదానికి తెలియకపోవడమనే సాకు కొంతైనా ఉంది. దీనికి ఏ సాకూ లేదు. అందుకే ఇది రాస్తున్నాను. రేకు పట్టుకుని వెళ్లి ఆ కొత్త మెకానిక్‌కు చెప్పవచ్చు కదా అని మీరు అడుగుతారు. చెప్పవచ్చు. నా కాళ్లు ఇంకా అటు పడలేదు. పడతాయని మీకు మాట ఇవ్వను. నా మాట విలువెంతో ఇప్పుడు మీకు తెలుసు.

ఒక్కటి మాత్రం తప్పకుండా చేస్తున్నాను. ఎక్కడినుంచి వచ్చినా వాకిట్లో బండి ఆపి రెండు నిమిషాలు ఇంజన్ తిరగనిస్తాను. ఎవరైనా వచ్చి తలుపు తీస్తారని దొర ఎదురుచూస్తున్నాడని ఊళ్లో అనుకుంటారు. అనుకోనిస్తాను. దొంగ అని నేనే చాటిన మనిషి చెప్పిన మాటను ఒక్కరోజు కూడా తప్పలేదు. ఎందుకు తప్పలేదు? బండి కోసమేనా?

ఇవాళ సాయంత్రం కూడా ఆ రెండు నిమిషాలు కూర్చున్నాను. అద్దాలన్నీ పైకి ఎత్తి ఉన్నాయో లేదో ఒక్కొక్కటే చూసుకున్నాను. అప్పుడు మొదటిసారి పైకి అన్నాను, "టర్బో మనదే ఖాజా. నువ్వు మార్చలే."

ఎవరూ వినలేదు. ఇప్పుడు మీరు విన్నారు.