ఫ్లెక్సీకి ఎక్కని ముఖం

అమీర్‌పేటలో ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణాల ముందు నడుస్తుంటే తడి సిరా వాసన గొంతు పట్టుకుంటుంది. పుట్టినరోజు శుభాకాంక్షలకూ శ్రద్ధాంజలికీ అదే వాసన. అది తగిలినప్పుడల్లా భారతి గారు గుర్తొస్తారు.

ఆవిడ జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. పంజాగుట్టలోని తన ఇంట్లో ఆదివారం సాయంత్రాలు చర్చా సభ నడిపేవారు. మూఢనమ్మకం కనబడితే చాలు, కాలు దువ్వే వయసు నాది. నా వ్యాసాలు తీసుకెళ్ళి ఇస్తే, నిప్పులు కక్కిన వాక్యాల కింద పెన్సిలుతో గీత గీసి అడిగేవారు: "ఇది చూసి రాశావా, కోపంతో సాగదీశావా?" సగం వాక్యాలు అక్కడే రాలిపోయేవి.

ఒక ఏడాది వినాయక చవితి రోజుల్లో వీధి చివర టైలర్ యాదగిరి ఆ సభకు తన ఫోన్ పట్టుకొచ్చాడు. అందులో ఖైరతాబాద్ గణపతి ఫొటో. విగ్రహం తల మీదుగా ఆకాశంలోకి ఒక వెలుగు స్తంభం. నేను అప్పుడే మనసులో వ్యాసానికి పేరు పెట్టేశాను. లెన్సుకు జిడ్డు అంటుకుంటే దీపం వెలుగు అలాగే చారలా సాగుతుందని చెప్పాను. యాదగిరి ఒప్పుకోలేదు.

"గిది నూట ఎనిమిది మెగాపిక్సెల్ అన్నా. అబద్ధం చెప్తదా?"

భారతి గారు నవ్వారు. "మైత్రీవనం కోచింగ్ సెంటర్లలో చూళ్ళేదా యాదగిరీ? ఇరుకు గదిలో మూడొందల మందిని కుక్కుతారు. తలలు పెరుగుతాయి, ఒక్కొక్కరికి అందే పాఠం తగ్గుతుంది. నీ మెగాపిక్సెళ్ళు ఆ తలల్లాంటివే. నీ ఫోన్లో ఆ గది గోరంత. పైగా పాఠం చెప్పేది లెన్సు. అది మసకగా చెబితే అందరూ కలిసి మసకే రాసుకుంటారు."

ఆవిడ వెళ్ళి వీధి దీపం కింద నిలబడి, యాదగిరిని గుమ్మంలోంచి జూమ్ చేసి ఫొటో తీయమన్నారు. అందులో ఆవిడ తల మీదా వెలుగు స్తంభం లేచింది. తిరిగొచ్చి కొంగుతో లెన్సు తుడిచి, మళ్ళీ వెళ్ళి నిలబడ్డారు. ఈసారి స్తంభం లేదు. నేను చప్పట్లు కొట్టాను.

యాదగిరి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "మా అమ్మ దవాఖానల ఉన్నది మేడం. గా వెలుగు చూపిస్తె జర ధైర్యం చేసింది."

మర్నాటి నుంచి భారతి గారు ఆ ఆసుపత్రికి వెళ్ళి ముసలామె మంచం పక్కన కూర్చునేవారు. ఎందుకని అడిగాను. "ఆవిడ దగ్గరున్న వెలుగు తీసేశాం కదా. ఖాళీ చేసిన చోట ఎవరో ఒకరు కూర్చోవాలి," అన్నారు. ఆ వ్యాసం నేను రాయలేదు.

కిందటేడు భారతి గారు పోయారు. సంస్మరణ సభకు ఫ్లెక్సీ వేయిస్తానని వాళ్ళ చెల్లెలు సుగుణ గారికి మాటిచ్చాను. భారతి గారేమో ఫొటో అంటే తప్పుకునే మనిషి. ఈ మధ్యకాలపు ఫొటో యాదగిరి ఆ సాయంత్రం తీసిందొక్కటే దొరికింది. పోస్టుకార్డంత ఉన్నప్పుడు అందులో ఉన్నది ఆవిడే. దుకాణంలో తెర మీద పెద్దది చేసేకొద్దీ ముఖం గళ్ళుగళ్ళుగా విడిపోయింది. దుకాణదారు ఫికర్ వద్దని చెప్పి ఏఐలో వేశాడు. నున్నటి చెంపలు, వరుస పళ్ళు. ఎవరో! లెన్సు తేలేకపోయినదాన్ని యంత్రం ఊహించి నింపింది. ఆవిడ చెంప మీద పుట్టుమచ్చ ఉండేదని చెప్పాను.

"పెడత సార్, గదెంత పని. ఏ దిక్కు పెట్టాలె?"

నా వేలు ఒక చెంపకు, మళ్ళీ రెండో చెంపకు పోయింది. ఇన్నేళ్ళు ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. నా కళ్ళు ఎప్పుడూ ఆ పెన్సిలు మీదే, ఏ వాక్యం పోతుందోనని. ఫ్లెక్సీ వద్దని చెప్పి, పోస్టుకార్డంత అచ్చు తీసుకుని వచ్చేశాను.

సభలో దాన్ని బల్ల మీద పెట్టాం. వచ్చినవాళ్ళు వంగి చూసి వెళ్ళారు. సుగుణ గారికి కళ్ళలో పొర, అంత చిన్నది ఆనదు. "పెద్దదైతే నాకూ కనబడేది బాబూ. పోనీ, ఎలా ఉందో చెప్పు," అన్నారు. పక్కన కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను: చీర రంగు, నుదుటి మీదికి జారిన జుట్టు, నవ్వబోతున్న పెదవులు.

"మచ్చ కనబడుతోందా?"

"లేదండీ. ఏ వైపు ఉండేదో నాకూ తెలియదు."

ఆవిడ చెయ్యెత్తి తన కుడి చెంపను, పెదవి పక్కన తాకి చూపించారు.

ఇప్పుడు ఎవరితో వాదానికి కూర్చున్నా ముందు ఆ మనిషి ముఖం చూస్తాను. భారతి గారి ముఖం మాత్రం ఎంత తలచుకున్నా పూర్తిగా రాదు. కుడి చెంప మీద మచ్చ ఒక్కటే స్పష్టంగా వస్తుంది. అదీ నేను చూసింది కాదు, సుగుణ గారు చూపించింది.