గుండ్రాయి మీద మండూకం

ఇది ఒక దండయాత్ర కథ. ఇందులో కోట ఉంది, ఆ కోటను ఆక్రమించిన పరాయి రాజు ఉన్నాడు, దాన్ని తిరిగి గెలుస్తానని కళ్ళెర్రజేసిన వీరుడున్నాడు, ఉద్దానం కొబ్బరితోటల నుంచి కాశీబుగ్గ దాకా మండుటెండలో సాగిన ప్రయాణం ఉంది. చదివేవాళ్ళు కాస్త సర్దుకుని కూచుంటే మంచిది. కూచున్నారు కాబట్టి నిజం చెప్పేస్తాను. కోట ఫోన్లో ఉంది. పరాయి రాజు టెక్కలిలో లెక్కల మాస్టారు. వీరుడు మా మేనమామ. ఆయన కళ్ళు ఎర్రబడింది బండి వెనక కూచుంటే దుమ్ము పడినందువల్ల.

మామయ్య పురోహితుడు. కాశీబుగ్గలో ఒక చిన్న గుడిలో అర్చన చేస్తాడు, చుట్టుపక్కల ఊళ్ళలో వ్రతాలు చేయిస్తాడు. షుగరుంది, నడవమని డాక్టరు చెప్పాడు. ఊరికే నడవడం ఆయనకు నామోషీ. పనిలేక తిరుగుతున్నాడని జనం అనుకుంటారట. అందుకని నేనే ఆయన ఫోన్లో ఈ ఆట ఎక్కించాను. నడుస్తుంటే తెర మీద మన వీధులే కనబడతాయి, వాటిలో వింత జంతువులు ఎదురవుతాయి, బంతి విసిరి పట్టుకోవాలి. ఊళ్ళో పేరున్న చోట్లు కొన్ని ఆటలో కోటలు. ఎవరైనా వచ్చి తమ జంతువును అక్కడ కాపలా పెట్టవచ్చు. ఆడేవాళ్ళంతా జట్లుగా ఉంటారు, ఇంకో జట్టువాళ్ళు దాన్ని ఓడించేదాకా కోట వాళ్ళదే. మామయ్య గుడి అలాంటి కోట. ఇన్నాళ్ళ అర్చనకు దొరికిన గుర్తింపు అదేనని ఆయన నాలుగైదుసార్లు అన్నాడు.

మామయ్య కూతుర్ని టెక్కలి ఇచ్చారు. వియ్యంకుడే ఆ లెక్కల మాస్టారు. ఏప్రిల్లో ఒకరోజు ఆయన గుడికొచ్చాడు. మామయ్య స్వయంగా అర్చన చేసి, శఠగోపం పెట్టి, ప్రసాదం చేతిలో పెట్టాడు. ఆయన భక్తిగా ప్రదక్షిణలు చేశాడు, ఫోను చేతిలోనే ఉంచుకుని. బస్సెక్కి వెళ్ళిపోయాక చూస్తే ఏముంది, గుడి మీద ఒక పెద్ద రాతి జంతువు కాళ్ళు చాపుకుని కూచుంది. కింద వియ్యంకుడి ఆటపేరు.

ఆ రోజు నుంచి మామయ్యకు గర్భగుడిలో ఉన్నా పైన అది కూచున్నట్టే ఉండేది. దానికి గుండ్రాయి అని పేరు పెట్టాడు. తన దగ్గరున్న జంతువులన్నిటినీ దాని మీదికి పంపాడు, నావీ పంపించాడు. అన్నీ తిరిగొచ్చి మూలనపడ్డాయి. పైగా వియ్యంకుడు ఫోన్ చేసినప్పుడల్లా అమ్మాయి సంగతులు చెప్పి, చివర్లో ఒక మాట అడిగేవాడు.

"మావాడు ఇంకా మీ గుడిమీదే ఉన్నాడా బావగారూ?"

ఆడపిల్ల తండ్రి కాబట్టి మామయ్య నవ్వేవాడు. ఫోన్ పెట్టాక నవ్వేవాడు కాదు. ఎలాగైనా గుండ్రాయిని దింపాలి, వియ్యంకుడు మళ్ళీ ఫోన్ చేసేలోపు దింపాలి. ఆయన జీవితంలో అప్పుడు అంతకు మించిన ధ్యేయం లేదు. షుగరు కూడా రెండో స్థానంలోకి పోయింది.

ఈ ఆటలో నెలకో ఆదివారం పండగలాంటిది వస్తుంది. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఒకే రకం జంతువు విరగబడి తిరుగుతుంది. పట్టినకొద్దీ దాని తాలూకు మిఠాయిలు పోగవుతాయి. చాలినన్ని ఉంటే దాన్ని పెంచి పెద్దది చేయవచ్చు. ఐదులోపల పెద్దదైతే మాత్రమే దానికి ఒక ప్రత్యేకమైన దెబ్బ అబ్బుతుంది, మామూలు రోజుల్లో రాదు. మే నెలలో వచ్చింది నీటికప్ప. నీళ్ళ దెబ్బకు రాళ్ళు ఆగవని ఆటలో నియమం. ఈ కబురు చెప్పగానే మామయ్య చేతులు జోడించి "మండూకం" అన్నాడు, స్వామి పేరు తలచినట్టు.

చిక్కల్లా ఒకటే. ఆ ఆదివారమే జలంత్రకోట దగ్గర ఒక రైతు ఇంట్లో సత్యనారాయణ వ్రతం ఒప్పుకున్నాడు. కొడుక్కి కొత్తగా పెళ్ళయింది. పదకొండుకల్లా కథ ముగించి, భోజనం చేసి, రెండింటికి కాశీబుగ్గలో ఉండాలని పథకం. నేను బండి తోలాలి.

పథకం కొబ్బరికాయ దగ్గర ఆగింది. కలశం మీద పెట్టడానికి కాయ లేదు. ఊరంతా కొబ్బరిచెట్లే కావడంతో కొబ్బరికాయ తేవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఇంటి వెనక చెట్లనిండా కాయలు వేలాడుతున్నాయి, ఎక్కేవాడు జీడితోటలో పిక్కలు ఏరడానికి పోయాడు. వాణ్ణి వెతికి తెచ్చి, ఎక్కించి, దింపి, పీచు తీయించి, పిలక మిగిల్చేసరికి పన్నెండు దాటింది. ఆ తరవాత మామయ్య కథ చదివిన వేగానికి సత్యనారాయణస్వామి కూడా కాస్త ఆయాసపడి ఉంటాడు. అధ్యాయాలు మాత్రం ఎగ్గొట్టలేదని ఆయన ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

భోజనాలయ్యేసరికి రెండున్నర. ఆ ఇంట్లో సిగ్నల్ నీళ్ళ ట్యాంకు పక్కన తప్ప అందదు. మామయ్య తాంబూలం పుచ్చుకుని మేడెక్కి, ఆకాశం వైపు ఫోనెత్తి ఒక్క కప్పను పట్టాడు. పంతులుగారు సూర్యుడికి ఏదో చేస్తున్నారని కింద ఆడవాళ్ళు దణ్ణం పెట్టారు. మేము బయల్దేరుతుంటే ఇంటి పెద్ద అడ్డమొచ్చాడు.

"పిల్లల్ని ఆలమ్మోరింటికి ఏ ఏలకి పంపీమంటారు పంతులుగారూ?"

కొత్త దంపతుల్ని అమ్మాయి పుట్టింటికి పంపాలట. మామయ్య అప్పటికే బండెక్కాడు. నాలుగున్నరకు రాహుకాలం వస్తుందని, ఆలోపు గుమ్మం దాటించమని, తప్పితే ఆరు దాటాకే కదలాలని చెప్పాడు. ఆదివారం రాహుకాలం నాలుగున్నరకని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు.

హైవే ఎక్కాక కప్పలు మొదలయ్యాయి. సిగ్నల్ ఉన్నచోట బండి ఆపడం, మామయ్య దిగి పంచె ఎగ్గట్టి బంతులు విసరడం, మళ్ళీ ఎక్కడం. ఆటలో సాంబ్రాణి లాంటిదొకటి ఉంటుంది, వెలిగిస్తే జంతువులు మన దగ్గరికే వస్తాయి. అది వెలిగించేటప్పుడు అలవాటు కొద్దీ ఏదో మంత్రం కూడా గొణిగాడు. హరిపురం దగ్గర టీకొట్టు ముందు ఆయన వేళ్ళు ఆడిస్తూ నిలబడితే, కొట్టువాడు నన్ను పక్కకు పిలిచి ముహూర్తం కడుతున్నారా అని అడిగాడు. అవునన్నాను. తన మేనకోడలికి కూడా ఒకటి చూడమన్నాడు.

కాశీబుగ్గలో అడుగుపెట్టేసరికి జీడిపిక్కలు కాలుస్తున్న వాసన, నాలుగున్నర. ఇంకొక్క కప్ప పట్టాలి. మామయ్య బంతి ఎత్తాడు. అప్పుడే ఫోన్ మోగి కప్ప మాయమైంది. జలంత్రకోట నుంచి.

"కారెక్కిసినారండి. కొంచెం ఆలిస్సెమైపోనాది. ఎల్లిపోమంటారా, పర్నేదా?"

"నాలుగున్నర దాటిందయ్యా. దింపేసి లోపల కూచోబెట్టండి. ఆరయ్యాక చూద్దాం."

ఫోన్ పెట్టాడు. కప్ప అదృష్టవశాత్తూ అక్కడే ఉంది. పట్టాడు. మిఠాయిలు నిండాయి. ఇక మీట నొక్కడమే. నొక్కబోయిన వేలు గాల్లోనే ఆగిపోయింది. ఆయన మొహం చూసి నాకర్థమైంది. కప్పకైనా పెళ్ళికైనా రాహుకాలం ఒక్కటే. ఐదు దాటితే దెబ్బ రాదు, ఆరుదాకా ఆగాలంటే కుదరదు. మళ్ళీ ఈ కప్ప ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు.

ఇది విదేశీ ఆట, దానికి మన రాహువు తెలియడని ధైర్యం చెప్పాను. మామయ్య నావంక జాలిగా చూసి, కళ్ళు మూసుకుని, వేళ్ళ కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఏట్రా, ఈవేళ సూర్యోదయం ఎన్నింటికి?"

"నేను లేచేసరికి అయిపోయింది మావయ్యా."

"నాలుగున్నరన్నది ఆరింటికి సూర్యుడొచ్చే రోజుల లెక్క. ఇది వైశాఖం. మన కాశీబుగ్గలో ఐదుంబావుకే వచ్చేస్తాడు, ఆరుంబావు దాటితే గానీ పోడు. పగలు పెరిగితే రాహువు వెనక్కి జరుగుతాడు."

"ఎంత వెనక్కి?"

"ఇంకా ఐదారు నిమిషాలు మనవే."

నొక్కేశాడు. తెరంతా వెలుగు నిండింది, కప్ప పెద్దదైంది, దెబ్బ అబ్బింది. ఇన్నేళ్ళుగా జిల్లా అంతటికీ నాలుగున్నర అని చెప్పిన మనిషి, ఒక కప్ప కోసం గ్రహాన్నే జరిపాడు. మరి కారులోంచి దింపినవాళ్ళ సంగతేమిటని అడిగాను. మామయ్య మంచివాడు, అది ఒప్పుకోవాలి. వెంటనే జలంత్రకోటకు ఫోన్ చేసి, ఇంకా కొంచెం టైముంది, తక్షణం కదలండన్నాడు. దింపిన సామానంతా మళ్ళీ ఎక్కించి, రెండు స్వీటు డబ్బాలు గట్టు మీదే మరిచి, వాళ్ళు బయల్దేరారట. ఎందుకు దింపించారో, ఎందుకు ఎక్కించారో వాళ్ళు అడగలేదు. పంతులుగారు రెండోసారి లెక్క కట్టారంటే ఎంత శ్రద్ధో అనుకున్నారు.

గుడి ముందు చెప్పులు విడిచి మామయ్య ఫోన్ తీశాడు. యుద్ధం గురించి వర్ణించాలని ఉంది గానీ, అది నేను శనగల పొట్లం కొనుక్కుని వచ్చేలోపు అయిపోయింది. గుండ్రాయి నీళ్ళ దెబ్బకు రెండుసార్లు ఊగి పడిపోయింది. మండూకం గుడి మీద కూచుంది. మామయ్య లోపలికెళ్ళి హారతి ఇచ్చి, గంట మామూలు కంటే కొంచెం ఎక్కువసేపు కొట్టాడు.

హారతి పళ్ళెం ఇంకా చేతిలో ఉండగానే టెక్కలి నుంచి ఫోన్. మామయ్య గొంతు సవరించుకుని, నాకు కూడా వినబడాలని స్పీకరులో పెట్టాడు.

"బావగారూ, ఎంత ఉపకారం చేశారు. నెల్లాళ్ళుగా అక్కడే ఇరుక్కుపోయాడు మావాడు. వాడు ఓడిపోయి తిరిగొస్తే గానీ కాపలా కాసినందుకిచ్చే నాణేలు నా చేతికి రావు గదా. ఎవరూ కొట్టరేంటి అని రోజూ ఎదురుచూస్తున్నా. ఇప్పుడే పడ్డాయి."

మామయ్య సంతోషమన్నాడు. అమ్మాయి కులాసాయేనా అని అడిగాడు. ఫోన్ పెట్టి కాసేపు గుడిపైకి చూశాడు. తరవాత నావైపు తిరిగి, రేపు పొద్దున్న నన్ను వచ్చి మండూకాన్ని ఓడించమన్నాడు, అది తిరిగొస్తే నాణేలు తనకూ పడతాయి కదా అని.

మామయ్యదీ నాదీ ఒకే జట్టు. సొంత జట్టు కోటను కొట్టడానికి ఆటలో వీల్లేదు.