రెండు ముక్కులు, ఒక డాక్టరమ్మ

ఆ రోజుల్లో అద్దం ముందు నిలబడితే నాకు ముఖం కనిపించేది కాదు, ముక్కే కనిపించేది. ఇరవై నాలుగేళ్ళ వయసు, నెహ్రూ నగర్‌లో కొత్త ఉద్యోగం. స్కూల్లో హిందీ పిల్లలు నన్ను ‘తోతా’ అనేవారు. (చిలక అన్నమాట. చిలక అందమే కదే అని అమ్మ ఓదార్చేది. అయితే ఆ చిలకకే అన్నం పెట్టుకో అని నేను తలుపు వేసుకునేదాన్ని.) ఆఫీసులో వీడియో మీటింగులు మొదలయ్యాక నా ముక్కు తెర మీద నాకే ఎదురుగా కూర్చునేది. ఎవరేం చెప్పినా ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు. చివరికి ఆపరేషన్ చేయించుకుంటానని ఇంట్లో ప్రకటించాను. “దేవుడిచ్చిన ముక్కుకి ఏటొచ్చిందే?” అని నాన్న స్టీలు ప్లాంటుకి డ్యూటీకి వెళ్ళిపోయాడు. “పద, నేనొస్తాను తోడు” అంది అత్త.

అత్త నాన్నకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై, సెక్టర్ 2లోని ప్లాంటు క్వార్టర్లో మాతోనే ఉండేది. నాన్నని వదిలేసి ఆ ముక్కు అత్తకీ, నాకూ వచ్చింది.

మొదట రాయపూర్‌లో ఒక పెద్ద క్లినిక్‌కి వెళ్ళాం. అక్కడి డాక్టరు కంప్యూటర్లో నా ఫొటోకి నాలుగు ముక్కులు మార్చి చూపించి, ఈ వారమే బుక్ చేసుకుంటే మంచిదన్నాడు. నేను మూడో ముక్కుతో అప్పటికే ప్రేమలో పడ్డాను. అత్త మాత్రం, “ఆపరేషన్ ఆప్ ఖుద్ కరేంగే?” అని, స్వయంగా మీరే చేస్తారా అని అడిగింది. తమకు టీమ్ ఉందన్నాడాయన. అత్త లేచి నిలబడింది. రెండోది మా ఊళ్ళోనే, పవర్ హౌస్ బజార్లో. పళ్ళు, జుట్టు, ముక్కు, అన్నీ ఒకే బోర్డు మీద. ప్రమాదం ఏమీ ఉండదని ఆ డాక్టరు నవ్వుతూ చెప్పాడు. మెట్లు దిగుతూ, “ఏమీ ఉండదన్నోడి దగ్గర ఏమీ చేయించుకోకూడదే గుంటా” అంది అత్త.

మూడో ఆవిడ రాయపూర్‌లోనే ఉండే పెద్ద వయసు ప్లాస్టిక్ సర్జన్. ముక్కులోకి లైటు వేసి చూసి, ఊపిరి బాగా ఆడుతోందా అని అడిగింది. కుదిరిన ముక్కుల ఫొటోలతోపాటు, వంకరొచ్చి మళ్ళీ చేయాల్సి వచ్చిన ముక్కునీ చూపించింది. వాపు పూర్తిగా పోవడానికి ఏడాది పట్టొచ్చనీ, మూడు నెలలు ఆలోచించుకుని రమ్మనీ చెప్పింది. సరైన డాక్టరు దొరికిందని నాకు అర్థమైంది. నేను లేవబోతుంటే అత్త కళ్ళజోడు తీసింది.

“డాక్టర్ సాబ్, మేరా భీ దేఖియే నా.”

తన ముక్కూ చూడమనేసరికి నాకు నవ్వొచ్చింది. డాక్టరమ్మ నవ్వలేదు. అత్త ముక్కుని కూడా నా ముక్కుని చూసినంత శ్రద్ధగానే చూసి, వయసూ, షుగరూ, గుండెకి వేసిన స్టెంటూ అన్నీ అడిగి తెలుసుకుని, మీకు మత్తు ఇవ్వడం మంచిది కాదని నెమ్మదిగా చెప్పింది. “వయసులో ఉన్నప్పుడు వచ్చుంటే చేసేదాన్ని” అని కూడా అంది.

తిరుగు రైల్లో కిటికీ వైపు చూస్తూ అత్త చెప్పింది. “మూడు సంబంధాలు వచ్చాయే నాకు. మూడో వాళ్ళెళ్ళాక వాకిట్లో మాటలు వినపడ్డాయి. పిల్ల మంచిదే, ముక్కే అలగుంది అనీసి. నాలుగో వాళ్ళొస్తామంటే నేనే వద్దన్నాను.”

మూడు నెలలయ్యాక అదే డాక్టరమ్మ దగ్గర ఆపరేషన్ చేయించుకున్నాను. కట్టు విప్పిన రోజు, ముక్కు ఇంకా వాపు మీదే ఉన్నా, అత్త నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“బావుందే. ఇంక ఈ ఇంట్లో ఆ ముక్కుతో నేనొక్కదాన్నే మిగిలాను” అంది, నవ్వుతూనే.

“పోనీలే అత్తా!” అని నేనూ నవ్వేసి, ఫోన్లో నా కొత్త ముక్కుని ఏ పక్క నుంచి తీస్తే బావుంటుందో చూసుకుంటూ కూర్చున్నాను. అత్త పోయి మూడేళ్ళు. ఆ ఫోను పట్టుకుని మురిసిపోయిన పిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఒక్క క్షణం తలెత్తి అత్త ముఖం చూడవే అని చెప్పాలనిపిస్తుంది.