బావి గిలక

పోయిన ఆదివారం వైరాలో ప్రసంగం మధ్యలో ఉండగా చీటీ అందింది. మా సారు పోయారు. ఖమ్మంలో ఇంజనీరింగ్ పిల్లలకు ముప్పై ఏళ్లు లోహపు పోత నేర్పిన మనిషి. పశ్చాత్తాపం మీద గొంతు చించుకుంటున్నవాణ్ణి, పరిశుద్ధ గ్రంథం మూసి కూర్చుండిపోయాను. ఎందుకో వినండి.

వారంలో ఆరు రోజులు నేను ఆయన కాలేజీ ఫౌండ్రీ షాపులో, ఇనుము పోత పోసేచోట, అచ్చుల ఇసుక కలిపే పనివాణ్ణి, ఏడో రోజు బోధకుణ్ణి. అక్షరాలు గ్రంథంలో దొరికాయి, ఇనుము సంగతి సారు దగ్గర దొరికింది. ఇసుకలో తడి ఎక్కువైతే, కరిగిన ఇనుము తగలగానే ఆవిరి పుట్టి లోపల బుడగలు మిగులుతాయి. పైకి నున్నగానే ఉంటుంది. అందుకే పిల్లలు పోసిన మొదటి ముక్కను సారు సమ్మెటతో పగలగొట్టించేవారు.

"మస్తుగ వచ్చింది గద సార్, పగలగొట్టుడేంది?"

"మస్తుగున్నదాన్నే పగలగొట్టాలె బిడ్డా. వంకరదాని తప్పు ఎవడన్న చెప్తడు."

నాతో పరాచికాలాడేవారు. "ఏమయ్యా బోధకుడా, మీ గ్రంథంల ఇసుక ముచ్చట ఏమన్న ఉన్నదా?"

"ఇసుక మీద ఇల్లు కట్టినోడు తెలివిలేనోడని ఉన్నది సార్."

"ఇసుకల పోత పోసి బతికేటోళ్లం, మన గతేందయ్యా మరి!"

చాలా ఏళ్ల కిందట దమ్మపేట అవతల అడవి పల్లెలో బావి తవ్వుతుంటే, రాళ్లు పైకి లాగడానికి గిలక కావాలని ఆ ఊరి విద్యార్థి అడిగాడు. సారు పోయిద్దామన్నారు. ఆ ఉదయం నాకు ప్రార్థన కూడికలో ఆలస్యమైంది. ఉరుకుతూ వచ్చి నీళ్లు ఎక్కువ పోశాను. ఎక్కువైందని చేతికి తెలిసింది. "ఇసుక మంచిగున్నదా?" అని సారు అడిగితే "అవ్ సార్" అన్నాను. నా మాట నమ్మి, ముందు ఒక ముక్క పోసి పగలగొట్టించకుండానే గిలక పంపారు.

నాలుగో రోజు గిలక విరిగింది. రాళ్ల గంప బావిలో ఉన్న మనిషి మీద పడింది. మనిషి దక్కలేదు.

విరిగిన ముక్కలోని బుడగలను సారు వేలితో తడిమి చూశారు. తర్వాత నన్ను చూశారు. నేను నేల చూశాను. ఇద్దరం బస్సెక్కి పోయాం. చనిపోయినవాని భార్య ముందు ఆయన మట్టిలో కూర్చున్నారు. "గిలక నేను పోయించిందే తల్లీ. సరిగ చూడకుంట పంపిన. తప్పు నాది." నేను వెనక నిలబడి ప్రార్థన చేశాను. ప్రార్థన!

తిరుగు బస్సులో ఒక్క మాటే అన్నారు. "నీది నువ్వే చెప్పుకోవాలె. నేను చెప్తే చాడీ అయితది." మళ్లీ ఎన్నడూ అడగలేదు. ఏటేటా ఆ వాకిట్లోకి పోయి తల వంచుకుని కూర్చునేవారు. ఆయన సంచి మోస్తూ నేనూ పోయేవాణ్ణి. నన్ను బయటపెట్టనందుకు అప్పట్లో బతికిపోయాననుకున్నాను. నా నోటికే వదిలినందుకు ఇవాళ చేతులు జోడిస్తున్నాను.

నిన్న ఒక్కణ్ణే పోయాను. ఆమె వాకిట్లో చాప మీద ఇప్పపూలు ఆరబోస్తోంది. సారు పోయారని చెప్పాను. తర్వాత ఇసుక సంగతి చెప్పాను.

"సారుకు ఎరికేనా?"

"మొదటి దినం నుంచే ఎరుక, అమ్మా."

"గిన్నేండ్లు ఆ ముసలాయన నా ముంగట తలొంచుకొని కూసుంటే, నువ్వు చూసుకుంట నిలబడ్డవా?"

గ్రంథం చంకలోనే ఉంది.

ఆమె కూర్చోమనలేదు, పొమ్మనలేదు. మళ్లీ చాప మీదికి వంగింది. నేను ఎండలో నిలబడి ఉండగా, అంటుకున్న పూలను వేళ్లతో ఒక్కొక్కటే విడదీస్తూ చాప చివరి దాకా పరుస్తూ పోయింది.