చప్పుడు కోసం పెట్టించిన ఫిల్టర్

రెండేళ్ల క్రితం ముచ్చటపడి సెకండ్ హ్యాండ్‌లో ఒక టర్బో కారు కొన్నాను. మచిలీపట్నంలో అలాంటిది నా ఒక్కడికే ఉందని గర్వం. ఇంజిన్ గట్టిగా మోగేలా ఎయిర్ ఫిల్టర్ మార్పిద్దామని గుడివాడ తీసుకెళ్తే అక్కడి మెకానిక్ గారు, "ఫిల్టరు చుట్టూ ఉండే కంపెనీ డబ్బా ఉంచుకోండి బాబూ. డబ్బా లేని ఫిల్టరు మన కోతల దుమ్ముకి ఆగదు" అన్నారు. "నాకు సౌండ్ కావాలండీ" అని డబ్బా లేనిదే పెట్టించుకున్నాను.

ఆ కోతలకే కోడూరు దగ్గర మా మావయ్య పొలానికి వెళ్లాను. నూర్పిడి మిషన్ పక్కనే కారు ఆపి, కూలీలందరూ చూస్తుండగా యాక్సిలరేటర్ తొక్కి ఆ సౌండ్ వినిపించాను. మావయ్య మురిసిపోయాడు. గంట తిరక్కుండానే గడ్డిమోపు ఎత్తబోయిన ఆయన్ని కాలి మీద రక్తపింజరి కాటేసింది.

కూలీలు ఆటో పిలుచుకొచ్చారు. "నా కారులో అయితే ఆసుపత్రికి పావుగంటండీ" అని దాన్ని పంపించేసింది నేనే. సగం దారిలో కారు ఊపిరాడనట్టు గింజుకుని ఆగిపోయింది. బానెట్ ఎత్తితే ఫిల్టర్ నిండా వడ్ల పొట్టు. ఇంకో ఆటో దొరికేసరికి ముప్పావుగంట పట్టింది. ప్రాణం దక్కింది గానీ, ఆసుపత్రిలో రెండు కాలివేళ్లు తీసేశారు.

పాత డబ్బా మళ్లీ పెట్టించాను. మొన్న వెళ్తే మావయ్య కుంటుకుంటూ గుమ్మంలోకి వచ్చి, "వచ్చావా అల్లుడూ? చప్పుడే లేదు. ఇదివరకు వంతెన దగ్గరే తెలిసిపోయేది" అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఏ కోశానా లేదు. ఉంటే బాగుండేది.