ఎర్రన్న గుర్రానికి కెమెరా

మా ఆవిడ రాజకుమారికి ఎదురు చెప్పగలిగిన మనిషి బొబ్బిలిలో ఇంకా పుట్టలేదు. పెళ్లి పందిట్లో పంతులుగారిని కూడా ఆపేస్తుంది. "ఆ తాళి ఇంకోసారి ఎత్తించండి పంతులుగారూ, లైటు పడలేదు" అంటుంది. ముహూర్తం దాటిపోతోందని ఆయన గింజుకుంటాడు. పెళ్లికొడుకు చేతులు నొప్పెట్టి దిక్కులు చూస్తాడు. ఆవిడ మాత్రం కెమెరాలోంచి కన్ను తీయదు.

మార్కెట్ వీధిలో ఆవిడ ఫొటో స్టూడియో, దాన్ని ఆనుకుని నా జిరాక్సు షాపు. ఒకప్పుడు రెండూ నావే. నేను తీసిన పాస్‌పోర్టు ఫొటోల్లో జనం పోలీసులకి దొరికిపోయినవాళ్లలా ఉండేవారు. పెళ్లై వచ్చిన కొత్తలోనే రాజకుమారి నన్ను పక్కకి జరిపి, "బావా, నువ్వా జిరాక్సు సూసుకో" అంది. అప్పట్నించీ అదే చూసుకుంటున్నాను. కోపం రాలేదా అంటే వచ్చింది. చెప్పుకోడానికి చోటేది? మా అమ్మ చిన్నతల్లికి ఆవిడ స్వయానా అన్న కూతురు. మా ఇంట్లో ఏ పంచాయితీ వచ్చినా వాళ్లిద్దరూ ఒకవైపు, నేనొక్కణ్ణీ ఒకవైపు.

ఇంతటి మనిషిని ఒక గుర్రం మూడు చెరువుల నీళ్లు తాగించింది. ఆ సంగతే చెప్తాను.

రాజకుమారి పుట్టినూరు నీలాలవలస. అక్కడ ఎర్రన్న అనే రైతున్నాడు. వరుసకి ఆవిడకి చిన్నాన్న, నాకు మావ. వరి, నువ్వులు పండిస్తాడు గానీ ఊళ్లో అతన్ని రైతని ఎవరూ అనరు, గుర్రాల ఎర్రన్న అంటారు. అతని దగ్గర మువ్వ అనే ఆడగుర్రం ఉంది. ఏటా అమ్మవారి పండగకి ఊరి బయట కోసిన పొలాల్లో గుర్రప్పందెం జరుగుతుంది. ఆ పందెంలో ఒక కట్టుబాటుంది. గుర్రాన్ని పెంచినవాడే దాని కళ్లెం పట్టుకుని బరి మొదట్లో నిలబడాలి, డప్పు మోగగానే వదలాలి. గుర్రం అవతలి కొస చేరేదాకా అతను గీత దాటకూడదు. దాటాడా, ఆ పరుగు చెల్లదు.

ఈ ఏడు పండగ ఇంకా దూరంగా ఉండగానే ఎర్రన్న స్టూడియోకి వచ్చి, పెళ్లికూతుళ్లని కూర్చోబెట్టే ఎర్ర కుర్చీలో కూర్చున్నాడు.

"ఒక ఫొటో తియ్యాలమ్మా" అన్నాడు.

"కూకో చిన్నాన్నా, తల కాస్త ఎత్తు" అంది రాజకుమారి.

"నాది కాదే గుంటా! నా మొకానికి ఫొటో ఒకటా. మువ్వది. అది పరిగెడతన్నప్పుడు ఎదురుగుండి తియ్యాల."

ఎందుకని అడిగాం. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత చెప్పాడు.

"దాని పందేలన్నిట్లో నానే కళ్లెం ఒగ్గినాను. ఒగ్గిన పెతీసారీ దాని తోకే సూసినాను. పరిగెత్తి వచ్చినప్పుడు దాని మొకం ఎలగుంటాదో ఊరంతా సూసినాది, నాను తప్ప. దానికి మోకాలు పాడైపోనాది. ఈ ఒక్క పందెమే అని పశువుల డాక్టరు సెప్పేసినాడు. మరింక పరిగెత్తదు."

నాకు తెలివి ఎక్కువ కదా, ఊరుకోకుండా అన్నాను: "దానికేటి మావా, ఉత్త రోజుల్లో నీ మేనల్లుణ్ణి ఎక్కించి తోలించి, నువ్వు ఎదురుగా నిలబడి సూడొచ్చు కదా?"

ఎర్రన్న నా వైపు జాలిగా చూశాడు. "సూడనేదనుకున్నావేటి? నాను ఎదురుగుంటే అది పరిగెత్తదు అల్లుడా. బెల్లం కోసం నడుసుకుంటా వచ్చేస్తాది."

రాజకుమారి పకపకా నవ్వింది. నవ్వుతూనే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాను తీస్తాను చిన్నాన్నా. దాని మొకం నీ సేతిలో పెడతాను" అని మాటిచ్చేసింది. నన్ను ఒక్క మాట అడిగితే ఒట్టు.

ఆ ఆదివారమే నీలాలవలస వెళ్లి, పెళ్లిళ్ల కెమెరాతో మువ్వని తీసింది. కెమెరా గుర్రుమని ఫోకస్ వెతుక్కునేలోపు గుర్రం దాటిపోయింది. వెనకాల ఉన్న గడ్డిమేటు మాత్రం పరక పరకా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వచ్చింది. "పెళ్లికూతురు పరిగెత్తదు కదా బావా, అందుకే ఈ కెమెరా ఇన్నాళ్లూ సెల్లిపోనాది" అంది. ఇంటికొచ్చాక కొత్త కెమెరా కొంటున్నామని ప్రకటన వెలువడింది.

ఇక చూడండి నా పాట్లు. ఫోనులో వీడియోలే వీడియోలు. అన్నం వడ్డిస్తూ షట్టర్ స్పీడు గురించి మాట్లాడేది. సెకనుని రెండు వేల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కలో ఫొటో పడాలట, అప్పుడే గుర్రం కదిలినట్టు కాక నిలిచినట్టు వస్తుందట. కన్ను దొరికితే వదలకుండా వెంటపడే ఫోకస్ కావాలట. వినీ వినీ మా అమ్మకి కూడా వంటబట్టింది. టీవీ సీరియల్ చూస్తున్నదల్లా ఆపి, "మరైతే దాని షట్టరు సాల్తాదేటే కోడలా?" అని అడిగేది.

ఇద్దరం బస్సెక్కి విజయనగరం వెళ్లాం. కెమెరాల షాపు ధనరాజ్ మంచివాడు, పాపం. రాజకుమారి షాపు మెట్ల మీద నిలబడి వచ్చే పోయే ఆటోలన్నిటినీ తీసింది. తర్వాత అరటిపళ్ల బండి కింద పడుకున్న కుక్కని తీసింది. కెమెరా తెర మీద కుక్క కంటి చుట్టూ చిన్న చదరపు గీత వచ్చి అతుక్కుపోయింది. కుక్క లేచి వెళ్తే అదీ వెంట వెళ్లింది.

"గుర్రం కన్ను పట్టుకుంటాదా?" అని అడిగింది.

"మనిషి, కుక్క, పిల్లి, పక్షి పట్టుకుంటుంది మేడమ్. గుర్రం..." అని నసిగాడు ధనరాజ్.

"సూసే కొంటాను."

కోట దగ్గర కల్యాణ మండపం ముందు పెళ్లిగుర్రం ఒకటి కట్టేసి ఉంది. ముగ్గురం అక్కడికి నడిచాం. కెమెరా రాజకుమారి చేతిలో, దాని తాడు కొస ధనరాజ్ చేతిలో. పెళ్లిగుర్రం మొహం నిండా అద్దాలూ కుచ్చులూ ఉండటంతో కెమెరా ఏ అద్దాన్ని పడితే ఆ అద్దాన్ని కన్ననుకుంది. గుర్రంవాణ్ణి బతిమాలి ఆ ముసుగు తీయించింది. తీయగానే ఆ చదరపు గీత వెళ్లి అసలు కన్ను మీద కూర్చుంది. "పట్టీసింది బావా!" అని రాజకుమారి వేసిన కేకకి గుర్రం బెదిరింది, బ్యాండువాళ్లు వాయించడం ఆపేశారు.

లెన్సు దగ్గర పెద్ద తగువే పడింది. పక్షుల్ని తీసేవాళ్లు వాడే బారు లెన్సు ధనరాజ్ చూపించాడు. అది మోయాలంటే నన్ను కూలికి పెట్టుకోవాలి. రాజకుమారి దాన్ని పక్కన పెట్టి, అంతకంటే పొట్టిదైన, దూరంలో ఉన్నదాన్ని దగ్గరికి లాగే సెవెంటీ-టూ హండ్రెడ్ జూమ్ లెన్సు తీసుకుంది. పందెం పొద్దు వాలే వేళ జరుగుతుంది, పైగా దుమ్ము. వెలుతురు తక్కువున్నప్పుడు మూతి వెడల్పున్న లెన్సే పని చేస్తుందని నాకు అర్థమయ్యేలా చెప్పింది. అక్కడితో ఆగితే బాగుండేది. అరచేతిలో పట్టే ఎయిటీఫైవ్ లెన్సు కూడా కావాలంది. అందులో జూమ్ లేదు. దగ్గరికి రావాలంటే మనమే నడవాలి. మొహాలు తీయడానికి అంత మంచిది ఇంకోటి లేదట.

"గుర్రానికి పెళ్లి సేస్తన్నావేటి?" అన్నాను.

"నీకు తెల్దు, ఊరుకో" అంది. అదీ కొన్నాం.

పందేనికి ముందు రెండు మూడుసార్లు పొలంలో సాధన చేసింది. మువ్వ మీద స్వారీ చేసేది ఎర్రన్న మేనల్లుడు ధర్మేంద్ర. మొదటిసారి తీసిన ఫొటోలన్నిటిలో ధర్మేంద్ర మీసం మొలక మొలకా కనపడింది, మువ్వ మొహం మసక. మనిషి మొహం కనపడగానే కెమెరా గుర్రాన్ని వదిలేసిందన్నమాట. ధర్మేంద్ర ఆ ఫొటో వాట్సాప్ స్టేటస్‌గా పెట్టుకుని ఎన్నాళ్లకీ తీయలేదు. రాజకుమారి కెమెరాలో మనుషుల్ని పట్టే సెట్టింగు ఆపేసి జంతువులకి మార్చింది. ఆ తర్వాత సజావుగా వచ్చాయి. కాకపోతే సాధనలో మువ్వ సాధనలాగే పరిగెత్తింది. పందెంలో పరిగెత్తే మొహం పందెంలోనే దొరుకుతుంది. అది ఒకే ఒక్కసారి.

పండగనాడు నీలాలవలస పసుపు రంగులో తడిసింది. ఆడవాళ్లు వేపాకులేసిన పసుపునీళ్ల కుండలు నెత్తిన పెట్టుకుని వచ్చి అమ్మవారికి పోశారు. వాటిని మా వైపు ముర్రాటలంటాం. గుడి దగ్గర పోయగా మిగిలినవి బరి అవతలి కొసన గుర్రాలొచ్చే దారిలో పోశారు. అక్కడంతా బురద. బరిలోకి దిగే దేనికైనా అమ్మవారి బొట్టు పడాల్సిందే. గుర్రానికి, కళ్లేనికి, డప్పుకి అన్నిటికీ పెట్టారు.

రాజకుమారి చున్నీ నడుముకి బిగించుకుంటూ కెమెరా ఒక్క క్షణం మా అమ్మ చేతికిచ్చింది. మా అమ్మ భక్తిగా కళ్లకద్దుకుంది. నూనెలో తడిపిన పసుపు, దాని మీద కుంకుమ పెట్టింది. కెమెరాకి నుదురెక్కడో ఆవిడకేం తెలుసు? సరిగ్గా లెన్సు అద్దం నడిమధ్యన పెట్టింది. మా మొహాలు చూసి తప్పయిందనుకుని, పమిట చెంగుతో గట్టిగా తుడిచింది కూడా. పసుపూ నూనే కలిసి అద్దమంతా పరుచుకున్నాయి. గుడ్డతో, లెన్సు తుడిచే మందుతో ఎంత తుడిచినా జిడ్డు వదల్లేదు. ఒక ఫొటో తీసి చూస్తే ఊరంతటికీ కామెర్లొచ్చినట్టుంది.

"అమ్మవారి బొట్టు కదే, మంచే జరుగుతాది" అంది మా అమ్మ నీరసంగా. నాకు ఒళ్లు మండిపోయింది. అవతల డప్పులు మొదలయ్యాయి.

రాజకుమారి ఒక్క మాటనలేదు. పెద్ద లెన్సు ఊడదీసి నా చంకలో పెట్టింది, చిన్న ఎయిటీఫైవ్ బిగించింది. "దగ్గరికెల్లిపోదాం, రా" అంది.

"ఎంత దగ్గరికి?"

"బరి అంచుకి. నువ్వు ఎనకాల నా సున్నీ కొసలు పట్టుకో. మువ్వ మీదకొచ్చీసిందంటే లాగీ. ముందు లాగినావంటే మాత్రం సంపేస్తాను."

గుర్రాల ముందు నిలబడటానికి నన్ను కన్నారా మా అమ్మానాన్నలు? అయినా నిలబడ్డాను. ముర్రాట బురదలో కాళ్లు జారుతున్నాయి. దూరంగా గీత దగ్గర ఎర్రన్న తెల్ల తలపాగా కనపడుతోంది. డప్పు మోగింది. నాలుగు గుర్రాలు కదిలాయి. వాటి వెనకనుంచి ఎర్రన్న గొంతు, అంత గోలలోనూ పొలాలు దాటి వినపడింది. "పదవే నా తల్లీ! పదవే!"

మొదట దుమ్మే. తర్వాత దుమ్ములోంచి మువ్వ వచ్చింది. నేను ఎన్నో పందేలు చూశాను గానీ గుర్రానికి ఎదురుగా ఎప్పుడూ నిలబడలేదు. నేల అదురుతోంది. ముక్కుపుటాలు విచ్చుకుని, జూలు గాల్లో లేచి, అది నేరుగా నా గుండెల మీదకే వస్తున్నట్టుంది. రాజకుమారి కదల్లేదు. కెమెరా టకటకమంటూనే ఉంది. చున్నీ కొసలు పట్టి లాగేశాను. ఇద్దరం వెల్లకిలా పసుపు బురదలో పడ్డాం. మువ్వ మా పక్కనుంచి దూసుకుపోయింది. రాజకుమారి పడి కూడా రెండు చేతులతో కెమెరాని పైకెత్తి పట్టుకునే ఉంది.

"ముందు లాగినావు!" అని అరిచింది.

"ప్రాణాలతో ఉన్నావు!" అని నేనూ అరిచాను. జీవితంలో మొదటిసారి.

మువ్వ రెండోదిగా వచ్చింది. ఎర్రన్న పరిగెత్తుకుంటూ వచ్చి దాని మెడ కావిలించుకున్నాడు. ఎన్నోదని అడగనే లేదు. మమ్మల్ని చూసి, "వచ్చిందేటి?" అన్నాడంతే.

చిన్న తెర మీద చూపించడానికి రాజకుమారి ఒప్పుకోలేదు. బొబ్బిలి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాం. మొదటి ఫొటోల్లో దుమ్ములో వేలెడంత మువ్వ, తర్వాతివాటిలో ఆకాశం, నా చెప్పు. నా మీద నాకే కోపమొచ్చింది. చివరికి ఒక్కటి తగిలింది. నాలుగు కాళ్లూ నేల మీద లేవు. కళ్లు తళతళలాడుతున్నాయి. మొహం మొహమంతా మన మీదికే వస్తోంది. రాజకుమారి కుర్చీలోంచి లేచి, బురద బట్టలతోనే నన్ను కావిలించుకుంది. సరిగ్గా లాగాల్సిన క్షణంలోనే లాగానట. ఇంతకుముందు తిట్టినవన్నీ వెనక్కి తీసుకుందో లేదో అడగలేదు.

పెద్ద సైజులో ప్రింటు తీసి మర్నాడు నీలాలవలస పట్టుకెళ్లాం. ఎర్రన్న చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని అందుకున్నాడు. వాకిట్లో వెలుగులోకి వెళ్లి చూశాడు. చాలాసేపు చూశాడు. పంతుళ్లని గద్దించే రాజకుమారి, ఆ ముసలాయన ముందు పరీక్ష రాసిన పిల్లలా నిలబడింది.

"దీని సెవులు సూడమ్మా" అన్నాడు ఎర్రన్న. వేలు ఆనించి చూపించాడు. "కళ్లు ముందుకున్నాయి, సెవులు ఎనక్కి తిరిగున్నాయి. నా కేసి. నా మాట ఇంటా పరిగెడతన్నాది."

పరిగెత్తేటప్పుడు గుర్రాలన్నీ చెవులు వెనక్కే పెడతాయని కెమెరా గొడవలో నేనెక్కడో చదివాను. ఆ ముక్క చెప్పబోయి నోరు తెరిచాను. రాజకుమారి నా కాలు తొక్కింది.

"తోక సూస్తన్నాను, తోక సూస్తన్నాను అని ఏడిసినాను గానీ ఇన్నేళ్లూ" అన్నాడు ఎర్రన్న, నవ్వూ ఏడుపూ ఆపుకోలేక, "అది నాకేసే ఉన్నాది."

ఫొటో చంకన పెట్టుకుని, రెండో చేత్తో బెల్లం ముక్క తీసుకుని మువ్వ దగ్గరికి వెళ్లిపోయాడు. మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు.